‘స్లాక్ వాటర్’ వాయించినవాడు

టకోమా,
1963 జూన్ 9

అన్నయ్యా,

రికార్డు వచ్చేసింది! అట్టపెట్టెలన్నీ గరాజులో నాన్న తాళ్లచుట్టల పక్కన పేర్చాం. నడుమ నీలం చీటీ, దాని మీద వెండి అక్షరాల్లో మన బ్యాండు ‘డ్రైడాక్స్’ పేరు, కింద ‘స్లాక్ వాటర్’. వెనకవైపు బోర్గ్‌హిల్డ్ అత్తయ్య మీద కట్టిన ట్విస్టు డాన్సు పాట. అత్తయ్యకు చూపిస్తే కళ్లజోడు తుడుచుకుని, “నన్నెందుకే వెనక్కి తోశారు?” అని అడిగింది.

నాన్న టగ్‌బోటు దిగి నేరుగా గరాజుకే వచ్చాడు. ఆటుకూ పోటుకూ మధ్య నీళ్లు ఎటూ పోకుండా నిలిచిపోయే ఆ కాసేపటి పేరును పాటకు పెట్టింది ఆయనే కదా. టోపీ కూడా తీయకుండా నిలబడే విని, “ఫరవాలేదు” అన్నాడు. మన ఇంట్లో ఆ మాట వినబడి ఎన్నాళ్లయిందో! అమ్మ పోయాక ఇదే మొదటిసారి అనుకుంటాను. నేను వంటింట్లోకి వెళ్లి కాసేపు ఏడ్చి వచ్చాను.

నిజం చెప్పనా, మొదటిసారి వినగానే ఇది మనమేనా అనిపించింది. జనవరిలో ఈ గరాజులోనే పాట పట్టినప్పుడు చలికి రస్క్ చేతితొడుగులు తీయకుండానే డ్రమ్ములు వాయించాడు. నువ్వు ఊరికూరికే వేళ్లు చంకలో పెట్టుకున్నావు. రికార్డులో చూస్తే అందరం ఎండలో పరుగులు తీస్తున్నట్టున్నాం. రస్క్‌ని అడిగితే, “రికార్డంటే అంతేనే. ఫోటోలో మొహం తేటగా పడదూ?” అన్నాడు. వాడు చెప్పాక తిరుగేముంది!

రేడియోలో రోజూ వేస్తున్నారు. శనివారం డాన్సులకు ఆర్మరీ హాల్లో నిలబడడానికి చోటుండడం లేదు. నువ్వొచ్చేదాకా గిటారుకు వెండెల్ అనే కుర్రాణ్ణి పెట్టుకున్నాం. పొడుగ్గా, తోటకూర కాడలా ఉంటాడు. వేళ్లు మాత్రం ఒకచోట నిలవవు. ఒక రికార్డు నీకు పంపుదామనుకున్నాను గాని, ఆ చేపల ఫ్యాక్టరీలో నీకు గ్రామఫోను ఎక్కడిది? సెప్టెంబరులో వచ్చి ఇక్కడే విను.

నీ ఆర్గన్ పిల్ల,
మార్లిస్

*

హెరాన్ కోవ్, అలాస్కా,
1963 జూన్ 30

మార్లిస్‌కు,

నీ ఉత్తరం టపా పడవలో వచ్చింది. ఇక్కడ పొద్దు గూకినా పూర్తిగా చీకటంటూ పడదు. పని ముగించి ఒంటికున్న పొలుసులు కడుక్కుని రేవు చివర కూర్చుంటే, పొగమంచు నీళ్ల మీదుగా మెల్లగా వచ్చి ముందు ఎదుటి దీవిని, తరవాత పడవలను, ఆఖరికి నా కాళ్లను కూడా తీసుకుపోతుంది. అప్పుడు ఎక్కడున్నానో కూడా గుర్తుండదు. అదే బాగుంటుంది.

మా వంటాయన సెసిలియో ఫిలిప్పీన్స్ మనిషి. పెద్దవాడని ఆయన ఊరివాళ్లంతా ‘మనోంగ్’ అంటారు, అంటే అన్నగారూ అని. నేనూ అలాగే పిలుస్తాను. ఆయనకొక రేడియో ఉంది. మొన్న ఆదివారం కెచికాన్ స్టేషనులో మీ పాట వచ్చింది. దీవుల మధ్య రేడియో అలల్లాగే వస్తుంది, పోతుంది. ముందు నీ ఆర్గన్ వినబడింది, తరవాత గిటారు. మనోంగ్ గరిటె పట్టుకునే నాట్యం మొదలుపెట్టాడు. “వీడెవడోయ్, వేళ్లకు నిప్పంటుకున్నట్టు వాయిస్తున్నాడు!” అన్నాడు. పాట మధ్యలోనే మంచులోకి వెళ్లిపోయింది.

మార్లిస్, ఆ గిటారు వాయించింది నేను కాదు. నా చెయ్యి నాకు తెలియదా? బాగుంది, చాలా బాగుంది. కాని నేను కాదు.

నాన్నను అడిగానని చెప్పు.

ఆర్లెన్

*

టకోమా,
1963 జూలై 14

అన్నయ్యా,

నీ ఉత్తరం భోజనాల దగ్గర పైకి చదివాను. అందరం ఒకటే నవ్వు. అలాస్కా వెళ్లినా మన చర్చివాళ్ల జబ్బు నిన్ను వదల్లేదన్నమాట! లెఫ్సె రొట్టె మెత్తగా ఉందంటే అత్తయ్య, “నేనేం చేశాను, ఆలుగడ్డ మంచిది” అంటుంది. మంచం పట్టకముందు, కోరస్‌లో బాగా పాడావని గునార్ తాతతో అంటే, “నేను కాదు” అని వెనక్కి తిరిగి చూసేవాడు. ఆయన వెనక గోడ తప్ప ఏముంది? ఇప్పుడు నువ్వు! “నా చెయ్యి నాకు తెలియదా?” అని గట్టిగా కూడా రాశావు. అత్తయ్యకు తెగ నచ్చింది. “బిడ్డంటే అలా పెరగాలి” అంది.

సరేలే బాబూ, నువ్వు కాదు. ఒప్పుకున్నాం. సంతోషమా?

ఇక్కడో తమాషా. ఆర్మరీలో మేం ‘స్లాక్ వాటర్’ ఎత్తుకోగానే పిల్లలు, “రికార్డులోలాగా వాయించండి!” అని ఒకటే గోల. మేం సాగదీస్తున్నామట. ఇంటికొచ్చి రికార్డు పెట్టి ఆర్గన్ మీద వెతికితే, మనం ఒకటి శ్రుతిలో వాయించిన పాట రెండున్నరకు ఎక్కి కూర్చుంది! రికార్డు చెక్కినవాళ్లు ఏదో చేసుంటారు. గిటారుకేం, తీగలు బిగిస్తే సరి. నా ఆర్గన్‌ను ఎక్కడ బిగించను? తెల్లమెట్ల మీద హాయిగా నడిచే పాటను నల్లమెట్ల మీద మళ్లీ మొదట్నుంచి నేర్చుకున్నాను. చీకట్లో కొత్తవాళ్లింట్లో మంచినీళ్లకు వెతుక్కున్నట్టుంది. వెండెల్ మాత్రం ఇప్పుడు అచ్చం రికార్డులోలాగే వాయిస్తున్నాడు. పిల్లలు ఊగిపోతున్నారు.

పోర్ట్‌లాండ్ నుంచి కూడా పిలుపు వచ్చింది. నువ్వు త్వరగా రా.

మార్లిస్

*

హెరాన్ కోవ్,
1963 ఆగస్టు 4

మార్లిస్‌కు,

ఒప్పుకున్నందుకు సంతోషం. భోజనాల దగ్గర అందరూ నవ్వుకునేలా ఒప్పుకోకపోయినా బాగుండేది.

మళ్లీ రికార్డు చేస్తున్నామని ఒక ముక్క రాసి ఉంటే సరిపోయేది. నేనేమీ అనేవాణ్ణి కాదు. బ్యాండు పెట్టింది నేనే కావచ్చు, ఆ పాట కట్టింది నేనే కావచ్చు, పాట బాగా రావడం ముఖ్యం. శ్రుతి పెంచారు, జోరు పెంచారు, మంచిదే. వెండెల్ రికార్డులోలాగే వాయిస్తున్నాడని రాశావు. తన పాట తను వాయించుకోవడానికి వాడికి కష్టమేముంది?

ఇంకో సంగతి. సీజను అయిపోయి అందరూ వెళ్లిపోయాక ఈ ఫ్యాక్టరీకి చలికాలమంతా కాపలాకు ఒక మనిషి కావాలి. పైకప్పుల మీద మంచు తోయడం, గొట్టాలు గడ్డకట్టకుండా చూడడం, అంతే పని. ఫోర్‌మన్ నన్ను అడిగాడు. ఉంటానన్నాను. అక్టోబరు మొదటి వారంలో ఆఖరి ఓడ వెళుతుంది. ఆ తరవాత వసంతం దాకా రాకపోకలుండవు. ఉత్తరాలు కూడా అంతంతమాత్రమే.

నా గిటారు వెండెల్‌కి ఇచ్చేయి. కింది తీగ కాస్త మొండిది, చూసుకోమను.

ఇక్కడ సాయంకాలాలు ఇప్పుడిప్పుడే చీకటి పడుతోంది. నీళ్లలో దీపాలు కనిపిస్తాయి. అవి పడవలవో చుక్కలో తేల్చుకోవాలని కూడా అనిపించదు.

ఆర్లెన్

*

టకోమా,
1963 ఆగస్టు 25

ఒరే అన్నయ్యా,

నీకు పిచ్చెక్కిందా? అద్దంలో తన నీడను చూసి పొడుచుకునే పిచ్చుకను చూశాను గాని, రేడియోలో తన గిటారు విని అలిగిన మనిషిని ఇప్పుడే చూస్తున్నాను!

మేం ఏ రికార్డూ మళ్లీ చేయలేదు. దేవుడి తోడు. అది నువ్వే. నువ్వు అణకువకు పోయి “నేను కాదు” అన్నావని నేననుకున్నాను. నేను వేళాకోళానికి “నువ్వు కాదులే” అంటే నువ్వు నిజమనుకున్నావు. మనింట్లో మెచ్చుకోవడం, ఒప్పుకోవడం ఒక్కరికీ చేతకాదు. దాని ఫలితం ఇది.

ఇప్పుడు అసలు సంగతి విను. మనం పాట పట్టిన టేప్ మిషను చర్చిది, గుర్తుందిగా? పాస్టరు ఎంగెల్‌స్టాడ్ గారు దాని మీద ప్రసంగాలు పట్టి, మంచం దిగలేని ముసలివాళ్లకు పంపుతుంటారు. పోయిన వారం నేను గునార్ తాతకు తోడుగా కూర్చున్నాను. టేపు పెట్టగానే ఆయన పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. పాస్టరు గారి గంభీరమైన గొంతు కాస్తా బాతు అరుపులా వస్తోంది. సృష్టి మొదలు ప్రళయం దాకా బాతే చెప్పింది! ఏమిటిది తాతా అంటే, “జనవరి ప్రసంగమే పిల్లా. చర్చిలో పొయ్యి చెడిపోయిన వారం. నెలకోసారైనా పెట్టించుకుంటాను, దీనంత మంచి ప్రసంగం లేదు” అన్నాడు.

అప్పుడు వెలిగింది నాకు. చలికి ఆ మిషనులోని గ్రీజు గట్టిపడి టేపు నత్తనడక నడిచింది. నెమ్మదిగా నడిచిన టేపు మీద పట్టినదాన్ని వెచ్చని గదిలో మామూలు వేగంతో తిప్పితే పరుగెత్తదూ? పాస్టరు గారు బాతయ్యారు. మనం చిచ్చుబుడ్లమయ్యాం.

వెండెల్‌కి చెబితే వాడు నేల మీద కూలబడ్డాడు. “మనిషి వాయించాడనుకునే కదా మీ అన్నలా వాయించాలని వేళ్లు బొబ్బలెక్కించుకున్నాను!” అని ఏడుపు మొహం పెట్టాడు. ఇన్నాళ్లూ వాడు నిన్నొక రాక్షసుడనుకుంటున్నాడు తెలుసా!

రెండు తువ్వాళ్లలో చుట్టి రికార్డు పంపుతున్నాను. మీ మనోంగ్ దగ్గర గ్రామఫోను ఉందేమో అడుగు. రికార్డు తిరిగే పళ్లెం అంచును వేలితో కొంచెం నొక్కి పట్టి, వేగం తగ్గించి విను. ఆ కాపలా పని వద్దని వెంటనే చెప్పేయి.

మార్లిస్

*

హెరాన్ కోవ్,
1963 సెప్టెంబరు 15

మార్లిస్,

రికార్డు పగలకుండా చేరింది. మనోంగ్ మంచం కింద నిజంగానే ఒక గ్రామఫోను ఉంది. బ్యాటరీతో తిరిగేది. ముందు మామూలుగా విన్నాం. తరవాత నువ్వు చెప్పినట్టు అంచు మీద వేలు ఆనించాను.

ముందు నీ ఆర్గన్ బరువెక్కింది. రస్క్ పరుగు మాని నడిచాడు. ఆ తరవాత గిటారు మెల్లగా, మెల్లగా దిగి వచ్చి నా దగ్గర కూర్చుంది. నేనే. చలికి వణికే నా వేళ్లే. వేలు కొంచెం గట్టిగా నొక్కితే పాట నిద్రలోకి జారుతుంది, వదిలితే లేచి పారిపోతుంది. చాలాసేపు అలా ఆడుకున్నాను. మనోంగ్ తన బియ్యం కడుక్కున్నాడు. కిటికీ బయట వాన నీళ్ల మీద పడుతోంది. మన గరాజులోనే ఉన్నాననిపించింది. లోపలి తలుపు తీస్తే వంటింట్లో అమ్మ ఉంటుందనిపించింది.

నిన్ను అనుమానించాను. తప్పే. కాని చెల్లీ, ఇప్పుడు నాకు ఇంకా భయంగా ఉంది. రేడియోలో విని ఊగుతున్న పిల్లలకు కావలసినవాడు వేలు ఆనించకముందు వినిపించేవాడు. వాడు నాకంటే బాగా వాయిస్తాడు. నా వేళ్లే, నా పాటే, అయినా నేను వాణ్ణి అందుకోలేను. ఇక్కడ వంటగదిలో మనోంగ్ పాత గిటారు మీద ప్రయత్నించి చూశాను. చేత కాలేదు. వెండెల్ అందుకున్నాడు. అయితే ఆ పాట వాడిదే.

ఆర్మరీలో నేను నిలబడి నా పాట వాయిస్తుంటే, “రికార్డులోలాగా వాయించరా!” అని పిల్లలు అరవడం నేను భరించలేను. ఉన్నమాట చెప్పాలంటే అంతే. కాపలాకు ఉంటాను. నా మీద కోపం పెట్టుకోకు. ఇక్కడ మంచు ఎవరినీ ఏమీ అడగదు.

ఆర్లెన్

*

టకోమా,
1963 సెప్టెంబరు 27

అన్నయ్యా,

ఇది ఆఖరి ఓడకు అందుతుందో లేదో. పోస్టాఫీసాయన, “అందితే అందినట్టు” అన్నాడు. అందుకని చెప్పాల్సింది ముందే చెబుతాను.

గిటారు వాయించేవాడు ఎవడో ఒకడు దొరుకుతాడు. వెండెల్ కాకపోతే ఇంకొకడు. నేను నిన్ను రమ్మంటున్నది అందుకు కాదు. ఈ ఇంట్లో నాన్న వారానికి నాలుగు మాటలు మాట్లాడతాడు. అందులో రెండు పడవ గురించి. నేను ఆర్గన్‌తో తప్ప మనిషితో పోట్లాడి ఎన్నాళ్లయిందో. నీతో పోట్లాడదామంటే నా తిట్టు నీకు చేరి, నీ తిట్టు నాకు తిరిగొచ్చేసరికి దేనికి తిట్టానో మరిచిపోతున్నాను. ఇప్పుడు చలికాలమంతా అదీ ఉండదంటావు. జవాబు చెప్పని అన్నయ్య నాకొద్దు. నాకు భయంగా ఉంది. అమ్మలాగే నువ్వు కూడా మెల్లగా మా మాటల్లో మాత్రమే ఉండే మనిషివైపోతావేమోనని భయం. ఇంతకంటే ఎలా చెప్పాలో నాకు తెలియదు.

ఇక బ్యాండు కబురు. సియాటెల్లో మంచి స్టూడియోలో రెండో రికార్డు చేశాం. వెచ్చని గది, గోడలకు మెత్తటి బట్ట, కాఫీ. ఒక్క తప్పు రాలేదు. విన్నవాళ్లెవరూ రెండోసారి పెట్టమనలేదు.

మొన్న శనివారం వెండెల్ డబ్బా మూత తీస్తూ వేలు కోసుకున్నాడు. హాలు నిండిపోయింది, గిటారు లేదు. రస్క్, “ఇంటికి పోదాం పదవే” అన్నాడు. నాకెందుకో మొండిపట్టు వచ్చింది. నల్లమెట్లు వదిలేసి ఒకటి శ్రుతిలో, మన గరాజులో వాయించినంత నెమ్మదిగా ‘స్లాక్ వాటర్’ మొదలుపెట్టాను. రస్క్ నన్ను తినేసేలా చూసి, వెనకే వచ్చాడు. గిటారు రావలసిన చోట్లు మేం నింపలేదు. ఖాళీగా వదిలేశాం.

మొదట అరిచారు. ఒకడు టోపీ విసిరాడు. ఆ తరవాత ఏమైందో నాకు సరిగ్గా తెలియదు. ముందు వరసలో ఒక జంట దగ్గరగా జరిగి నెమ్మదిగా ఆడడం మొదలుపెట్టింది. వాళ్లను చూసి ఇంకొకరు. కాసేపటికి హాలంతా నిద్రలో నడిచినట్టు ఆడుతోంది. నువ్వు వాయించవలసిన చోటు వచ్చినప్పుడల్లా సంగీతం ఆగిపోయేది, వాళ్లు మాత్రం ఆగలేదు. ఆ ఖాళీలో నేల మీద వందల బూట్లు రాసుకుంటున్న చప్పుడు వినబడేది. అంత అందమైన చప్పుడు నేనింతవరకు వినలేదు. నా కళ్లకు మెట్లు కనబడలేదు, ఎలా వాయించానో దేవుడికే తెలియాలి.

తరవాత వెండెల్ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. “నేనంత నెమ్మదిగా వాయించలేను మార్లిస్. ఖాళీ కనబడితే చాలు, నా వేళ్లు ఊరుకోవు. మీ అన్నకు ఆగడం వచ్చు. అది నాకు రాదు” అన్నాడు. వాడి మొహంలో ఎగతాళి లేదు. వాణ్ణి తిట్టుకోవడం ఇక మానేయి.

మార్లిస్

*

కెచికాన్ రేవు,
1963 అక్టోబరు 6

మార్లిస్‌కు,

ఆఖరి ఓడ హెరాన్ కోవ్‌కు నీ ఉత్తరాన్ని తెచ్చింది. సరుకు దించేసి వెంటనే తిరిగిపోయే ఓడ అది. అందరూ మూటలు భుజాన వేసుకుని ఎక్కుతున్నారు. నేను గిడ్డంగి గోడకు ఆనుకుని చదవడం మొదలుపెట్టాను.

“ఇంతకంటే ఎలా చెప్పాలో నాకు తెలియదు” అన్నచోటికి వచ్చేసరికి ఓడ కూత వేసింది. అంతవరకే చదివాను. బట్టలు అలాగే సంచిలో కుక్కుకుని పరుగెత్తాను. ఫోర్‌మన్ వెనకనుంచి ఏమేమి తిట్టాడో గాలికి సగమే వినబడింది. ఆ సగమే బోలెడుంది. మనోంగ్ పై మెట్టు మీద నిలబడి నా చెయ్యి పట్టి లాగాడు. “ఎవరైనా పోయారా?” అని అడిగాడు. లేదు, చెల్లెలు కోప్పడుతోందని చెప్పాను. “అయితే తొందరే” అన్నాడు.

మిగతా సగం ఓడ కదిలాక, రేవు మంచులో కలిసిపోయాక చదివాను. బూట్ల చప్పుడు దగ్గర ఆగి మళ్లీ మొదట్నుంచి చదివాను. వాళ్ల ముందు నిలబడాలంటే నాకింకా భయంగానే ఉంది. టోపీలు విసిరితే విసరనీ. నేను నెమ్మదిగానే వాయిస్తాను.

దక్షిణానికి వెళ్లే ఓడ ఇక్కడినుంచి సాయంత్రం బయల్దేరుతుంది. టపా కూడా దాంట్లోనే వస్తుంది. ఈ ఉత్తరం కంటే నేనే ముందు ఇంటికి చేరతానేమో. అలా జరిగితే, దీనికోసం చూడకుండా గుమ్మంలోనే తిట్టడం మొదలుపెట్టు. అక్కడికక్కడే జవాబు చెబుతాను.

అన్నయ్య